శ్రావణ్ మాట మానేసిన దసరా

ఒక పొద్దున సుల్తానాబాద్‌లో మా బడి గేటు దగ్గర ఒకాయన నన్ను ఆపాడు. "మేడం, మా గల్లీల మోరి నిండి నీళ్లన్నీ రోడ్డు మీదికొస్తున్నయ్. జర మనుషులను పంపుండ్రి" అన్నాడు. నేను కౌన్సిలర్‌నని ఎవరో ఆయనకు చెప్పారట. చెప్పినవాళ్లు అబద్ధమేమీ చెప్పలేదు, నా గది తలుపు మీద ఆ మాటే రాసి ఉంది. నేను మునిసిపల్ కౌన్సిలర్‌ను కాను, పిల్లల కౌన్సిలర్‌ను అని వివరించాను. ఆయన కాసేపు ఆలోచించి, "పిల్లలకు సుత ఎలచ్చన్లు పెడుతున్నరా?" అని అడిగాడు.

ఇప్పుడు ఉద్యోగం అయిపోయింది. కరీంనగర్‌లో ఇంటి దగ్గరే ఉంటున్నాను. మా చెల్లెలి కూతురు ఈ మధ్యే ఒక బడిలో ఇదే పనిలో చేరింది. "పెద్దమ్మా, ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలతోని అసలు ఏం చెయ్యాలె?" అని అడిగింది. పుస్తకాల్లో ఉన్నది ఆమె నాకంటే బాగా చదువుకుంది. కాబట్టి పుస్తకాల్లో లేనిది చెబుదామని కూర్చున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, పై ఆఫీసుకు పంపిన రిపోర్టులు ఇందులో ఉండవు. వాటిని అప్పుడే ఎవరూ చదవలేదు.

కౌన్సెలింగ్ అంటే తిట్టడమా

నేను జీవశాస్త్రం టీచర్ని. ఒక వేసవిలో నన్ను శిక్షణకు పంపి, తిరిగి రాగానే ఈ బాధ్యత కూడా అప్పగించారు. పాఠాలు ఎప్పటిలాగే చెప్పాలి. మిగిలిన పీరియడ్లలో పిల్లల మనసులు చూసుకోవాలి. గది కావాలని అడిగితే సైన్సు సామాన్లు పెట్టే గది ఇచ్చారు. అందులో ఒక ప్లాస్టిక్ అస్థిపంజరం ఉండేది. మనసు విప్పి మాట్లాడమని పిల్లల్ని నేను కూర్చోబెట్టే కుర్చీకి అది సరిగ్గా ఎదురుగా నిలబడి ఉండేది. దాన్ని జరపడానికి చోటు లేదు. చివరికి దాని మొహానికి నా చున్నీ ఒకటి కప్పాను. అప్పుడు ఇంకా భయంగా ఉందని పిల్లలు చెబితే తీసేశాను.

మన దగ్గర కౌన్సెలింగ్ అనే మాటకు అప్పటికే రెండు అర్థాలున్నాయి. ఒకటి ఇంజనీరింగ్ సీట్లు పంచేది. రెండోది పండుగల ముందు పోలీసులు పాత నేరస్థులను స్టేషన్‌కు పిలిచి ఇచ్చేది. సుల్తానాబాద్‌లో మా హెడ్మాస్టరుకు రెండోదే తెలుసు. కిటికీ అద్దం పగలగొట్టినవాణ్ని, ముందు బెంచీ అమ్మాయి జడను బెంచీకి కట్టేసినవాణ్ని చెవి పట్టుకుని తెచ్చి, "వీనికి మంచిగ కౌన్సెలింగ్ ఇయ్యుండ్రి మేడం" అని అప్పగించి వెళ్లేవారు. నేను వాడితో మెల్లగా మాట్లాడుతుంటే కిటికీలోంచి చూసి, నా చేతిలో బెత్తం లేదని చిన్నబుచ్చుకునేవారు. పిల్లలకూ అదే అర్థమైంది. ఆటస్థలంలో ఒకడు ఇంకొకణ్ని "ఎక్కువ చేస్తే కౌన్సెలింగ్ ఇప్పిస్త బిడ్డా" అని బెదిరించడం నా చెవులతో విన్నాను.

దీనికి నేను కనిపెట్టిన విరుగుడు ఒక్కటే. ఏ తప్పూ చేయని పిల్లల్ని కూడా పిలవడం మొదలుపెట్టాను. బాగా చదివేవాళ్లను, ఎవరి కంటా పడకుండా మధ్య బెంచీలో కూర్చునేవాళ్లను పిలిచి ఊరికే ముచ్చటపెట్టి పంపేదాన్ని. కొన్నాళ్లకు నా గదికి వెళ్లడం శిక్షో బహుమానమో ఎవరికీ తెలియకుండా పోయింది. ఈ పని చేరిన మొదటి నెలలోనే చేయాలి. నీ గదిలోంచి బయటికి వచ్చిన పిల్లవాణ్ని "ఏం చేసినవురా?" అని స్నేహితులు అడుగుతున్నారంటే, అది ఇంకా పోలీసు స్టేషనే.

పెద్దయ్యాక ఏమవుతావు

ఇచ్చోడలో పనిచేసినప్పుడు ఒక పెద్ద అధికారి బడి చూడటానికి వచ్చారు. పిల్లలకు మార్గదర్శనం జరుగుతోందని చూపించాలి కదా. ఆరో తరగతి పిల్లలందరికీ వాళ్ల క్లాసు టీచరు ముందే జవాబులు నేర్పారు. ఆయన అడుగుతుంటే ఒకరు డాక్టరు, ఒకరు కలెక్టరు, ఒకరు పైలట్ అని వరసగా చెప్పుకుంటూ వచ్చారు. ఆ రోజు ఇచ్చోడలో ఉన్నంతమంది కలెక్టర్లు దేశంలో ఎక్కడా ఉండి ఉండరు. వెనక బెంచీలో ఒక చిన్న పిల్ల వంతు వచ్చింది. నేర్పిన రోజు ఆ పిల్ల బడికి రాలేదు.

"నువ్వేమైతవమ్మా?" అన్నారు అధికారి.

"నేను రిటైరైత సార్."

ఆయనకు అర్థం కాలేదు. ఆ పిల్ల విడమర్చి చెప్పింది. "మా ఆజోబా రిటైరయిండు. పొద్దుగాల పేపరు చదువుతడు, ఛాయ తాగుతడు, ఆకిట్ల కూసుంటడు. ఆయనను ఎవ్వలూ ఏమనరు." ఆ వైపు మరాఠీ కలిసిన ఇళ్లలో తాతను ఆజోబా అంటారు.

గదంతా నవ్వింది. అధికారి కూడా నవ్వి, నాకూ అదే కావాలమ్మా అన్నారు. ఆ సాయంత్రం నేను ఆ పిల్లను పిలిచి, ఇంట్లో ఎవరు ఎవర్ని ఏమంటున్నారని అడిగాను. పొద్దున లేచింది మొదలు ఇంట్లో నీళ్లు తెమ్మనీ, తమ్ముణ్ని ఎత్తుకొమ్మనీ, చదువుకొమ్మనీ అందరూ ఆ పిల్లనే పిలుస్తారట. ఆ పిల్ల కోరుకున్నది కాస్త ఊపిరి తీసుకునే తీరిక. వాళ్లమ్మను పిలిపించి మాట్లాడితే, ఆదివారం పొద్దున ఆ పిల్లను ఎవరూ పిలవకూడదన్న ఒప్పందం కుదిరింది.

అప్పటి నుంచి పదకొండేళ్ల పిల్లల్ని పెద్దయ్యాక ఏమవుతావని అడగడం మానేశాను. నిన్న సాయంత్రం ఇంటికి వెళ్లాక ఏం చేశావని అడుగుతాను. మొదటి ప్రశ్నకు పెద్దవాళ్లు నేర్పిన జవాబు వస్తుంది. రెండోదానికి ఎవరూ జవాబు నేర్పి పంపరు.

శ్రావణ్

ఇక నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పిన కేసు చెబుతాను. అది లక్సెట్టిపేటలో జరిగింది.

శ్రావణ్ ఎనిమిదో తరగతి. రోజూ ప్రార్థన దగ్గర ప్రతిజ్ఞ చెప్పించేది, వార్తలు చదివేది వాడే. క్లాసులో వాడి నోరు మూయించడమే టీచర్లకు ఒక పీరియడ్ పని. అలాంటివాడు దసరా సెలవుల తర్వాత బడికి వచ్చి నోరు విప్పలేదు. హాజరుకు చేయెత్తేవాడు. ప్రశ్న వేస్తే బోర్డు మీద జవాబు రాసేవాడు. స్నేహితులు గిలిగింతలు పెట్టినా పళ్లు బిగించుకుని పారిపోయేవాడు.

హెడ్మాస్టరు భూమయ్య సార్ నన్ను పిలిచారు. ఆయన భారీ మనిషి. గొంతు మాత్రం సన్నగా, ఆరో తరగతి పిల్లవాడి గొంతులా ఉండేది. బడికి ఫోన్ చేసినవాళ్లు ఆయనను "బాబూ, హెడ్మాస్టరు సారుకు ఇయ్యి" అనేవారు. మంచి మనిషే కానీ గొడవలంటే భయం.

"మేడం, పోరడు మాట్లాడ్తలేడట. రేపు వాళ్లోళ్లొచ్చి బడిలనే ఏమో అయిందంటే మనం పరేషాన్ అయితం. జర చూడుండ్రి" అన్నారు.

శిక్షణలో చెప్పినట్టే చేశాను. ఇల్లు, చెట్టు, మనిషి బొమ్మలు గీయమన్నాను. పిల్లల మనసులోది బొమ్మల్లో బయటపడుతుందని మాకు చెప్పారు. శ్రావణ్ ముచ్చటైన ఇల్లు, నిండుగా కాసిన జామచెట్టు, మీసాల మనిషిని గీసి రంగులు కూడా వేసి ఇచ్చాడు. నేను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాను. పిల్లవాడికి బొమ్మలు బాగా వచ్చన్న సంగతి తప్ప ఏమీ బయటపడలేదు. ఈ బడిలోనూ నాకు సైన్సు గదే ఇచ్చారు, ఇక్కడా ఒక అస్థిపంజరం ఉంది. తర్వాత కొన్నాళ్లు వాడూ, నేనూ, అస్థిపంజరం ముగ్గురం ఆ గదిలో మౌనంగా కూర్చున్నాం. చివరికి వాళ్ల ఇంటికి బయలుదేరాను.

ఇంటి ముందు వాడి నాయనమ్మ బియ్యం చెరుగుతోంది. ఆమెకు చెవులు వినిపించవు. నేను ఎవరో గట్టిగా చెప్పి, శ్రావణ్ ఇంట్లో మాట్లాడుతున్నాడా అని ఇంకా గట్టిగా అడిగాను.

"ఎందుకు మాట్లాడడు బిడ్డా?" అంది ఆమె. "రోజు నా పక్కపొంటి కూసోని మస్తు మాట్లాడుతడు."

"ఏం మాట్లాడుతడవ్వా?"

"ఏమో బిడ్డా. నాకు ఇనరాదు గద."

నాకు నవ్వొచ్చింది. తర్వాత ఆలోచన వచ్చింది. వినగలిగేవాళ్లతో మాట్లాడడు, వినలేని మనిషితో మాత్రం మాట్లాడుతున్నాడు. అంటే మాటలకు కొరత లేదు. ఎవరూ వినకూడనిది ఇంకేదో ఉంది.

లోపలికి వెళ్లాను. శ్రావణ్ వాళ్లమ్మ పద్మ పొలం నుంచి అప్పుడే వచ్చింది. నాకు ఛాయ పెడుతోంది. వాడి తండ్రి తిరుపతి మస్కట్‌లో పని చేస్తాడని, వచ్చి పోయి రెండేళ్లు దాటిందని చెప్పింది. ఇంతలో ఇంటి ముందు నుంచి ఎవరో పెద్దమనిషి మాట్లాడుతున్న గొంతు వినిపించింది. లావుగా, బరువుగా ఉంది. వాళ్ల బంధువులెవరో వచ్చారనుకుని, మాటవరసకు, "ఇంట్ల ఎవలన్న మొగోళ్లు ఉంటరా?" అని అడిగాను.

పద్మ ఛాయ గిన్నె దించి నా వైపు తిరిగింది. ఆమె మొహం మారిపోయింది.

"మీరు సుత గదే అడుగుతున్నరా మేడం?"

నా ఉద్యోగంలో నేను వేసిన ప్రశ్నలన్నిటిలోకీ అది ఎంత తప్పు ప్రశ్నో అంత పనికొచ్చిన ప్రశ్న. పద్మ వాకిలి వైపు చెయ్యి చూపించింది. తొంగి చూశాను. అక్కడ పెద్దమనిషి ఎవరూ లేరు. ఎప్పుడొచ్చాడో, నాయనమ్మ పక్కన శ్రావణ్ కూర్చుని ఉన్నాడు. ఆ గొంతు వాడిది.

దసరా నాడు ఏం జరిగింది

మిగతాది పద్మ చెప్పింది.

శ్రావణ్ గొంతు వానాకాలంలో మారడం మొదలైంది. ఒక మాట సన్నగా, ఒక మాట లావుగా వచ్చేసరికి వాడు సిగ్గుపడి, తండ్రి ఫోన్ చేసినప్పుడల్లా తమ్ముడికి ఇచ్చి తప్పించుకున్నాడు. తిరుపతి ఉన్నచోట వీడియో కాల్ సరిగా కలవదు. మామూలు ఫోన్లే. దసరా నాడు పద్మ పెరట్లో ఉండగా ఫోన్ మోగింది. శ్రావణ్ ఎత్తి, "హలో, ఎవలు?" అన్నాడు.

అటువైపు నుంచి, "నువ్వెవనివిరా? నా ఇంట్ల ఏం చేస్తున్నవు?" అన్న కేక వచ్చింది. శ్రావణ్ భయపడి ఫోన్ పెట్టేశాడు.

మళ్లీ మోగితే పద్మ ఎత్తింది. నీ కొడుకేనని నవ్వుతూ చెప్పింది. నా కొడుకు గొంతు నాకు ఎరుకలేదా, అయితే వానికి ఫోనియ్యి అన్నాడు తిరుపతి. ఇద్దామని చూస్తే శ్రావణ్ అప్పటికే పొలాల వైపు పరుగెత్తాడు. ఇక తిరుపతి అనరాని మాట అన్నాడు. పద్మ ఫోన్ పెట్టేసింది. అప్పటి నుంచి ఆయన ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

"వాడు ఒక్కమాట మాట్లాడితే తేలిపోయేది కదా" అన్నాను.

"మాట్లాడు అని నేను బతిమాలలే మేడం. ఎందుకు బతిమాలాలె? నా మాట నమ్మనోడు వాని మాట నమ్మితే, నాదేం ఇజ్జత్ ఉన్నట్టు?"



ఎవరూ చెప్పని పాఠం

ఎనిమిదో తరగతి జీవశాస్త్రంలో కౌమార దశ గురించి ఒక పాఠం ఉంటుంది. దాన్ని చాలామంది టీచర్లు "ఇంట్ల చదువుకోండ్రి" అని దాటేస్తారు. పిల్లలు ఇంట్లో చదివే ఒకే ఒక్క పాఠం బహుశా అదే. కానీ చదివింది ఎవరినీ అడగలేరు. మర్నాడు వరస తప్పించి ఆ పాఠం ఎత్తుకున్నాను. శ్రావణ్ పేరు తీయలేదు, వాడి వైపు చూడలేదు. పిల్లవాడి ఇంటి సంగతి క్లాసులోకి తెస్తే, ఆ తర్వాత నీ గదిలోకి ఎవరూ రారు. ఇది మాత్రం గట్టిగా గుర్తుంచుకోవాలి.

స్వరపేటిక బొమ్మ వేశాను. అది పెరుగుతున్నప్పుడు గొంతు ఎందుకు జారుతుందో చెప్పాను. ఇష్టమున్న మగపిల్లలు లేచి "హలో" అనండి అన్నాను. ఒకడు లేచి హలో అంటే మొదటి సగం ఆడపిల్లలా, రెండో సగం బస్సు హారన్‌లా వచ్చింది. ఇంకొకడి హలో అసలు బయటికే రాలేదు. ఆడపిల్లలు కడుపులు పట్టుకున్నారు. ఆ నవ్వుల్లో మూలనుంచి ఒక లావు నవ్వు వినిపించింది. శ్రావణ్ చేత్తో నోరు మూసుకున్నాడు కానీ అది అప్పటికే బయటపడింది.

బడి వదిలాక వాడు నా గదికి వచ్చి నిలబడ్డాడు.

"మేడం, గీ గొంతు మళ్ల పాతదైతదా?"

"కాదు."

"మందేమన్న ఉంటదా?"

"దీనికి మందెందుకురా? అందరికీ వచ్చేదే."

వాడు తలొంచుకున్నాడు. "మా బాపు నన్ను గుర్తుపట్టలే మేడం" అన్నాడు.

బాపు గుర్తుపట్టేలా ఒకసారి మాట్లాడదామా అని అడిగాను. తలూపాడు.

శుక్రవారం ఫోన్

శుక్రవారం తిరుపతికి సెలవు. బడి ఫోన్ నుంచి చేద్దామంటే భూమయ్య సార్ ఒప్పుకోలేదు.

"మొగడు పెండ్లాల ముచ్చట్లు మనకెందుకు మేడం?"

"వాళ్ల ముచ్చట మనకొద్దు సార్. పిల్లవాని గొంతు ముచ్చట చెప్పుదాం. అది మన సిలబస్‌లనే ఉన్నది."

సిలబస్ మాట వినగానే ఆయన కాస్త మెత్తబడ్డారు. తన గదిలో తన ముందే మాట్లాడాలన్న షరతు మీద సరేనన్నారు. స్పీకర్ పెట్టి ఫోన్ కలిపాం. నేను ఎవరో చెప్పాను. ఈ వయసులో మగపిల్లల గొంతు మారుతుందని, దసరా నాడు ఫోన్ ఎత్తింది శ్రావణేనని చెప్పాను. తిరుపతి ఏమీ అనలేదు. వినిపిస్తోందో లేదోనని భూమయ్య సార్‌కు ఆత్రం. ముందుకు వంగి, "హలో, ఇనవడుతుందా?" అన్నారు.

"గీడే మేడం" అన్నాడు తిరుపతి గబుక్కున. "గీడే నా కొడుకు. శ్రావణ్, మంచిగున్నవా బిడ్డా?"

భూమయ్య సార్ మొహం చూడాలి. ఫోన్ వైపు, నా వైపు చూశారు. ఏమనాలో తెలియక, "మంచిగనే ఉన్న" అన్నారు.

శ్రావణ్ ఇక ఆగలేకపోయాడు. పడీ పడీ నవ్వాడు. నవ్వుతూనే, "బాపూ, గాయన మా హెడ్మాస్టరు సారు. నేను గీడున్న" అన్నాడు. ఎన్నాళ్లుగానో దాచుకున్న గొంతు ఆ గదంతా నిండింది.



"మళ్ల మాట్లాడు" అన్నాడు తిరుపతి.

"ఏం మాట్లాడాలె?"

"ఏదన్న మాట్లాడు."

శ్రావణ్‌కు ఏం తోచలేదు. అలవాటైన ప్రతిజ్ఞ మొదలుపెట్టాడు. సగానికి రాగానే తండ్రి ఆపాడు. "మా బాపు గొంతురా అది. అచ్చం మా బాపు మాట్లాడినట్టే ఉన్నది" అన్నాడు. ఆయన ఏడుస్తున్నాడని మాకు అర్థమైంది. భూమయ్య సార్ లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, అవసరం లేకపోయినా దాన్ని మూసి తెరిచారు.

ఆ సంగతి శ్రావణ్ ఇంటికి వెళ్లి నాయనమ్మకు సైగలతో చెప్పాడట. చనిపోయిన భర్త గొంతు మనవడికి వచ్చిందని తెలిసి, ఆమె వాడి మెడ మీద చెయ్యి ఆనించి మాట్లాడమందట.

తండ్రీకొడుకులు కలిశారు కదా, పద్మ కూడా వెంటనే ఫోన్ ఎత్తుతుందని నేను అనుకున్నాను. ఎత్తలేదు. వెళ్లి నచ్చజెబుదామనిపించింది కానీ భూమయ్య సార్ మాట గుర్తొచ్చి ఆగిపోయాను. ఆ విషయంలో ఆయన అన్నదే సరైనది. పిల్లవాడి గొంతు వరకే నా పని. ఆమె ఎప్పుడు క్షమించాలో, అసలు క్షమించాలో వద్దో చెప్పడం ఏ కౌన్సిలర్ పనీ కాదు. చలికాలం గడిచాక ఒకరోజు పద్మే దారిలో కనిపించి చెప్పింది. "తప్పయిందని కొడుకుతోని చెప్పిచ్చిండు మేడం. నేను ఒప్పుకోలే. నీ నోటితోనే చెప్పుమన్న."

"చెప్పిండా?"

"చెప్పిండు. ఇనవడలేదని మళ్ల చెప్పిచ్చుకున్న."

తల్లిదండ్రుల సమావేశం

మరుసటి ఏడాది నుంచి ఒక పని మొదలుపెట్టాం. ఏడో తరగతి పిల్లల తల్లిదండ్రులను పిలిచి, రాబోయే రెండేళ్లలో ఇంట్లో ఏమేం మారతాయో ముందే చెప్పేవాళ్లం. ఆడపిల్లలవీ, మగపిల్లలవీ, రెండూ చెప్పేవాళ్లం. మొదట్లో తండ్రులు నేలచూపులు చూసేవారు. ఇది బడిలో చెప్పే ముచ్చటేనా అని ఒకాయన లేచి వెళ్లిపోయాడు కూడా. కొత్తగా చేరేవాళ్లకు నేను చెప్పగలిగిన అసలైన బాధ్యత ఇదే. మా దగ్గరికి వచ్చిన కష్టాల్లో సగం, ఎవరో ఒకరు ముందే ఒక మాట చెప్పి ఉంటే రాకపోయేవి.

తిరుపతి సెలవు మీద వచ్చినప్పుడు అలాంటి సమావేశమే జరుగుతోంది. ఆయన చిన్నకొడుకు అప్పటికి ఏడుకు వచ్చాడు. భార్యాభర్తలిద్దరూ వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. నేను గొంతు మారడం గురించి చెబుతుంటే ఎవరికీ పెద్దగా పట్టినట్టు లేదు. తిరుపతి లేచి నిలబడ్డాడు.

"మేడం, నేనొక్క మాట చెప్పొచ్చా?" అని అడిగి అందరి వైపు తిరిగాడు. "అన్నలూ, మీల ఎవలన్న దుబాయ్, మస్కట్ పోయేటోళ్లుంటే ఇనుండ్రి. ఇంటికి ఫోన్ చేసినప్పుడు లోపల్నుంచి మొగగొంతు ఇనవడితే, ముందుగాల మీ కొడుకు పేరు పెట్టి పిలువుండ్రి."

అందరూ నవ్వారు. పద్మ నవ్వలేదు. కూర్చోమని కొంగు చాటు నుంచి సైగ చేసింది. ఆయన కూర్చోలేదు.

"పలికిండా, గాడు మీ కొడుకే. పలకకపోతే..." అని కాస్త ఆగి, భార్య వైపు చూశాడు. "పలకకపోతే సుత, మీ ఇంటామె ఏం చెప్తే గది నమ్ముండ్రి."

అప్పుడు కూర్చున్నాడు.